గోడ లోపల, గోడ బయట: మా వంటింటి లెక్క

సింకు కింద కడప బండ పగిలింది ఫిబ్రవరిలో. మిర్చి యార్డుకు సరుకు విరగబడి వస్తున్న వారం అది. నేను ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. జనవరి నుంచి మే దాకా మాకు ఇంటి సంగతి పట్టదు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, రసీదుల లెక్క, లారీవాళ్ల కేకలు. ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి వంటింట్లో చీలమండ లోతు నీళ్లు, అందులో తేలుతున్న ఉల్లిపాయల బుట్ట, పీట మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్న అత్తయ్య.

"అమ్మాయ్, ఇక ఈ వంటిల్లు మనతో వేగేలా లేదు" అన్నారు.

ఇరవై ఏళ్లుగా ఆ మాట నేను అంటుంటే ఆవిడ వినలేదు. సరే, బండే చెప్పాల్సి వచ్చింది.

గుంటూరు కొరిటెపాడులో ఈ ఇల్లు మా మామయ్యగారు 1991లో కట్టించారు. వంటిల్లు పదడుగులు ఇంటూ ఎనిమిది. తూర్పు గోడకు ముప్పై అంగుళాల ఎత్తు గట్టు, కింద కడప బండల అరలు. వాటికి తలుపుల్లేవు. పెళ్లయిన కొత్తలో నేనే పూల గుడ్డతో తెరలు కుట్టి స్ప్రింగు తీగకు వేలాడదీశాను. బొద్దింకలకు ఆ తెరలంటే మహా ఇష్టం.

సీజన్ అయ్యేదాకా బండ కింద రెండు ఇటుకలు పెట్టి నెట్టుకొచ్చాం. ఈలోపు నేనొక నోట్‌బుక్కు తీశాను. రోజూ ఇతరుల డబ్బు లెక్క రాసేదాన్ని, నా డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. చివరికి పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు "గోడ లోపల" అని రాశాను: నీళ్ల పైపులు, డ్రైనేజీ, కరెంటు వైర్లు, రంధ్రాలు, నేల వాలు. కుడివైపు "గోడ బయట": చెక్కపని, గ్రానైట్, టైల్స్, సింకు, చిమ్నీ, బుట్టలు. ఎడమవైపున్నది ఒకసారి మూసేశాక మళ్లీ తెరవాలంటే టైల్స్ పగలగొట్టాలి. కుడివైపున్నది ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. కాబట్టి డబ్బు ముందు ఎడమవైపుకు, మిగిలింది కుడివైపుకు. గీత గీయడం అయితే తేలికగానే అయింది. షోరూముకు వెళ్లినప్పుడు మాత్రం మనిషి కళ్లు కుడివైపే లాగుతాయి.

మొదటి లెక్కలో ఎడమవైపు 60,000, కుడివైపు 2,65,000 వేశాను. మొత్తం 3,25,000. దాని మీద పది శాతం, అంటే 32,500, చెప్పకుండా పక్కన పెట్టాను. ఎవరికి చెప్పకుండా అంటే మా ఆయనకు. ఉందని తెలిస్తే అది మొదటి వారంలోనే ఇటాలియన్ కొళాయి అవుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కు. ఫిబ్రవరి, మార్చి పండుమిరప పచ్చడికి పోతాయి. మేలో ఆవకాయ. ఆ రోజుల్లో వంటిల్లు కూలగొడతామంటే అత్తయ్య నన్నే కూలగొడతారు. జూన్‌లో తీరిక దొరుకుతుందనుకుంటే, 2025లో జూన్ 26న ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. శ్రావణం దాకా ఆగుదామంటే, శ్రావణంలో ఊళ్లో ఉన్న గృహప్రవేశాలన్నీ ఉంటాయి. ఒక్క మేస్త్రీ దొరకడు. రెండు రోజులు ఆలోచించి అత్తయ్యే తీర్పు చెప్పారు: "కట్టడం కొత్త పని. కూలగొట్టడం కొత్త పని ఎలా అవుతుంది?" అలా జూన్ 30, సోమవారం, ఆషాఢంలోనే గునపం దిగింది. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. ఆ రోజుకు కొత్త పొయ్యి మీద నైవేద్యం ఉడకాలి. ఇంతకంటే గట్టి డెడ్‌లైన్ మా ఆఫీసులో కూడా ఎప్పుడూ చూడలేదు. పైగా ఆషాఢంలో పనులు తక్కువ కాబట్టి మేస్త్రీ కూలి దగ్గర కూడా మెత్తగా మాట్లాడాడు.

అంతకు ముందు మే నెలలో ఒక ఆదివారం అంతా కొలతలకే పోయింది. గదిని కొలవడం అరగంట పని. ఆ తర్వాత సామాన్లు కొలిచాను. అదేం పిచ్చి అని మా అబ్బాయి నవ్వాడు. ఆవకాయ జాడీ మూతతో కలిపి పద్నాలుగు అంగుళాలు. పది లీటర్ల కుక్కరు పిడితో కలిపి ఇరవై. బియ్యం డబ్బా ఇరవై రెండు, నిండితే పాతిక కిలోలు, దాన్ని లాగే అర కింద చక్రాలుండాలి. వెట్ గ్రైండర్ ఎత్తి పెట్టుకునేది కాదు, అదెక్కడుంటే అక్కడే తిరగాలి. వీటికి సరిపడని వంటిల్లు ఎంత అందంగా ఉన్నా మాకెందుకు? షోరూములో ఒక అమ్మాయి ఎంతో ముద్దుగా సొరుగు లాగి చూపించింది. స్పూన్లకు, ఫోర్కులకు, కత్తులకు వేరువేరు గదులతో ప్లాస్టిక్ ట్రే. మా ఇంట్లో ఉన్న ఫోర్కులు రెండు. ఒకటి సింకు జాలీలో ఇరుక్కున్న అన్నం తీయడానికి వాడతాం.

ఇక గట్టు ఎత్తు సంగతి. దీని మీద మా ఇంట్లో నడిచినంత చర్చ పంచాయతీ ఎన్నికలప్పుడు మా పుట్టింటి ఊళ్లో కూడా నడవలేదు.

నేను ఐదడుగుల నాలుగంగుళాలు. అత్తయ్య నాలుగడుగుల పది. ముప్పై అంగుళాల గట్టు దగ్గర ముప్పై నాలుగేళ్లు నడుం నొప్పి లేకుండా వండింది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే. నేను అంట్లు తోమి నిటారుగా నిలబడితే నడుం దగ్గర తలుపు గడియ తీసినట్టు చప్పుడొస్తుంది. మోచెయ్యి మడిచి నిలబడితే నేల నుంచి మోచేతికి ఎంతుందో చూసి, దానికి ఐదారంగుళాలు కిందగా గట్టు ఉండాలని చెబుతారు. నాకు నలభై అంగుళాలు వచ్చింది, అంటే గట్టు ముప్పై నాలుగు. అత్తయ్యకు ముప్పై ఆరు, అంటే ముప్పయ్యో ముప్పై ఒకటో. "ముప్పై నాలుగు పెడితే నేను పీట ఎక్కి పోపు పెట్టాలా?" అని ఆవిడ. "ముప్పై రెండు పెట్టేయండి, ఇద్దరికీ మధ్యన" అని మా ఆయన. ఇద్దరికీ సరిపోని చోట రాజీ కుదర్చడం ఆయనకు బాగా వచ్చు.

నేను పాత లెడ్జర్లు తెచ్చాను. గట్టు మీద లెడ్జర్లు పేర్చి, పైన కత్తిపీట చెక్క పెట్టి కూరగాయలు తరిగి చూశాను. ఒక లెడ్జరు తీసి మళ్లీ. తర్వాత స్టవ్వును లెడ్జర్ల మీదికి ఎక్కించి, వెలిగించకుండా, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పి చూశాను. అప్పుడు అర్థమైంది. సింకు దగ్గర చెయ్యి గట్టు కంటే కిందికి పోతుంది. తొట్టి లోతు తొమ్మిదంగుళాలు, అడుగున పళ్లెం అందుకోవాలంటే ముప్పై అంగుళాల గట్టు దగ్గర చెయ్యి ఇరవై ఒక్క అంగుళాల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు మోకాలి ఎత్తు. పొయ్యి దగ్గర దీనికి తిరగబడి ఉంటుంది: స్టవ్వు నాలుగంగుళాలు, దాని మీద ఆరంగుళాల గిన్నె. గట్టు ముప్పై నాలుగు ఉంటే గిన్నె అంచు నలభై నాలుగుకు వెళ్తుంది. అత్తయ్యకు అది భుజం దాకా. నాకు కూడా లోపల ఉప్మా అంటుకుందో లేదో మునివేళ్ల మీద నిలబడి చూడాల్సిందే.

ఒకే ఎత్తు ఎందుకు ఉండాలి మరి? ఉత్తరం గోడకు సింకు వైపు ముప్పై నాలుగు, తూర్పు గోడకు పొయ్యి వైపు ముప్పై ఒకటి. మూల దగ్గర మూడంగుళాల మెట్టు. మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఎవరూ ఇట్టా చేయించుకోరమ్మా, చూడ్డానికి బాగోదు" అన్నాడు. మెట్టు దగ్గర అదనంగా ఒక గ్రానైట్ పట్టీ, దాని అంచుకు పాలిష్, అంతకుమించి పెద్ద ఖర్చేం లేదు. ఇప్పుడు ఆ మెట్టు వల్ల ఇంకో లాభం కనిపించింది. సింకు వైపు చిందిన నీళ్లు ఆ పట్టీ అంచు దగ్గర ఆగేలా అరంగుళం పైకి లేపి పెట్టించాం, పొయ్యి వైపు చుక్క రాదు. ఈ ఆలోచన మేస్త్రీదే. తల గోక్కున్నవాడే.

చెక్కపని కొటేషన్లు మూడు తీసుకున్నాం. ఒకటి షోరూముది, 4,85,000, వంటిల్లు మొత్తానికి. ఆ కాగితం చాలా నున్నగా ఉంది. మిగతా ఇద్దరూ ఊళ్లోనే సొంత షెడ్డులో చేసేవాళ్లు. ఒకతను చదరపు అడుగు 1,650 అన్నాడు, రెండో అతను 480. మా ఆయన 480 వైపు అప్పటికే సగం ఒరిగిపోయారు. "మూడో వంతు కంటే తక్కువ!"

ఇక్కడ ఆగి కూర్చుని చూడాలి. చదరపు అడుగు అంటే దేని మీద అడుగు? 1,650 చెప్పినతను పెట్టెకు ముందువైపు, అంటే తలుపు కనిపించే వైశాల్యం మాత్రమే కొలుస్తాడు. లోపలి చెక్క, అర, అన్నీ అందులోనే. 480 అతను వాడిన ప్రతి చెక్కనూ విడిగా కొలుస్తాడు. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న ఒకే పెట్టె తీసుకుని ఇద్దరి లెక్కలోనూ వేశాను. మొదటి అతనికి 7.5 చదరపు అడుగులు, 12,375 రూపాయలు. రెండో అతనికి తలుపులు 7.5, రెండు పక్కలు కలిపి 10, అడుగు చెక్క 6, మధ్య అర 6, మొత్తం 29.5. ఇంటూ 480 వేస్తే 14,160. పైగా వెనక చెక్క సంగతి అడిగితే "అది వేరే అండి" అన్నాడు. కిరాయి తక్కువని ఆటో ఎక్కితే దిగేటప్పుడు సామానుకు వేరే, మనిషికి వేరే అన్నట్టు. పెట్టె ఒకటే తీసుకుని అందరి రేట్లూ దాని మీద వేయమంటే పది నిమిషాల్లో రంగు బయటపడుతుంది. మా యార్డు భాషలో చెప్పాలంటే, బస్తా పైన తేజ రకం కాయలు, లోపల రంగు పోయిన తాలు కాయలు.

ఇద్దరి దగ్గరా ప్లైవుడ్ ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. రెండూ "వాటర్‌ప్రూఫే మేడమ్". ఒకదాని షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంది. మరిగే నీళ్లను తట్టుకునే రకం అది, ఆ ప్రమాణం ప్రకారం 72 గంటలు మరగబెట్టి పరీక్షిస్తారు. రెండో దాని మీద ఐఎస్ 303, ఎంఆర్ అని చిన్న అక్షరాలు. అది తేమకు ఓర్చుకునే మామూలు రకం, హాల్లో టీవీ కింద పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. సింకు కింద నిలవదు. 72 గంటల గ్యాసు నా దగ్గర లేదు. ఇడ్లీ పాత్రలో రెండు ముక్కలూ వేసి ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు మరగబెట్టాను. ఇల్లంతా జిగురు కంపు. అత్తయ్య "సాయంత్రానికి ఇదేనా కూర?" అన్నారు. నాలుగు గంటల తర్వాత ఎంఆర్ ముక్క తీస్తే పొరలు విస్తరాకు కుట్లు ఊడినట్టు విడిపోయాయి. 710 ముక్క నల్లబడింది, అంతే. దాన్ని దాచి ఉంచాను, తర్వాత పనికొచ్చింది. 1,650 అతనికే పని ఇచ్చాం, 18 శాతం జీఎస్టీ కలిపి, బిల్లుతో. బిల్లు లేకుండా అయితే కొంత తగ్గిస్తాననీ అన్నాడు. రేపు సొరుగు పట్టాలు తప్పితే ఏ కాగితం పట్టుకుని అడగను?

కిందిపెట్టెలు 35 అడుగులకు 57,750. పై పెట్టెలు 25 అడుగులు, 1,450 రేటున 36,250. అటక తలుపులు 13,000. సామాన్ల పొడుగు అల్మరా 23,100. సొరుగుల పట్టాలు, కీళ్లు, బుట్టలు, పిడులు అన్నీ కలిపి 35,700. ఈ చివరి అంకె ఏ కొటేషన్లోనూ మొదటి పేజీలో ఉండదు, గమనించండి.

గ్రానైట్ దగ్గర మాత్రం నేనే తెలివి తక్కువగా బయల్దేరాను. బ్లాక్ గెలాక్సీ కావాలనుకున్నాం, నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, అది. చీమకుర్తి రాయి. చీమకుర్తి మనకెంత దూరం, నేరుగా ఆ వైపే వెళ్లి కొంటే చవక కదా అని మార్టూరు దాకా వెళ్లొచ్చాం. అక్కడ అడుగు 190, గుంటూరులో 240. మాకు కావాల్సింది 45 అడుగులు. అడుగుకు యాభై ఆదా, మొత్తం 2,250. మినీ లారీ కిరాయి 3,500. తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దగ్గర టీ తాగుతూ ఈ గుణింతం చేశాను. వెళ్లేముందు చేయాల్సిందని మా ఆయన అనలేదు, టీ మాత్రం చాలా నెమ్మదిగా తాగారు. గుంటూరులోనే కొన్నాం, 10,800. రాయి ధరతోనే అయిపోదు: అంచు పాలిష్ 22 అడుగులకు 3,300, సింకు రంధ్రం 1,500, పరచడానికి 4,050. రాయికి పదివేలైతే రాతిపనికి 8,850.

ఇప్పుడు గోడ లోపలి సంగతి. జూన్ 30న పాత గట్టు తీశారు. కడప బండలు మాత్రం ఒక్కటీ పోనివ్వనని అత్తయ్య దొడ్లో కుర్చీ వేసుకుని కాపలా కాశారు. రెండో రోజు గోడ గాడి కొడుతుంటే పాత జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప గొట్టం, బయటపడింది. ముప్పై నాలుగేళ్ల బోరు నీళ్లు. మేస్త్రీ దాన్ని కోసి నా చేతిలో పెట్టాడు. ముప్పావు అంగుళం పైపులో చిటికెన వేలు కూడా దూరలేదు, లోపలంతా తుప్పూ సున్నమూ కలిసి గట్టిపడి ఉంది. కొళాయి ధార సన్నగా వస్తుందని ఇన్నేళ్లూ ట్యాంకును తిట్టుకున్నాం. సింకు నీళ్లు పోయే గొట్టం ఇంకా ఘోరం. ఒకటిన్నర అంగుళాల గొట్టం, అది కూడా బయటికి వాలు లేకుండా మధ్యలో కుంగి ఉంది. ప్రతి నెలా ఎందుకు పూడుకుంటుందో అప్పుడు తెలిసింది. ఆరడుగుల మేర నేల తవ్వి, మూడంగుళాల గొట్టం వేసి, నలభైకి ఒకటి చొప్పున వాలు పెట్టాలన్నాడు, అంటే ఆరడుగులకు దాదాపు రెండంగుళాలు. మూయకముందు బకెట్టు నీళ్లు గుప్పున పోసి, అందులో నాలుగు శనగ గింజలు వేసి చూశాను. అవతల గింజలు నీళ్లతో పాటే వచ్చి పడ్డాయి. ఆ గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే.

కరెంటు పాయింట్లకు సుద్ద ముక్కతో నేనే గోడ మీద గుర్తులు పెట్టాను. ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్, ఆర్వో, ఓవెన్, ఇండక్షన్, ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇంకా కొనని చిమ్నీ, ఎప్పటికైనా కొంటామేమోననే డిష్‌వాషర్. పాత ఇంట్లో ఒకే ప్లగ్గుకు మిక్సీ, ఓవెన్ మార్చి మార్చి పెట్టేవాళ్లం. ఇండక్షన్ రెండు వేల వాట్లు, ఓవెన్ కూడా ఇంచుమించు అంతే. 16 ఆంప్స్ పాయింటు 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 3,680 వాట్లు, రెండూ ఒకదాని మీద నడవవు. అందుకని రెండు వేరు లైన్లు, 4 ఎస్క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు, బోర్డులో లోడు ఎక్కువైతే ఆపేసే వేరు ఎంసీబీలు, తడి చేతుల ఇల్లు కాబట్టి కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ. ఎలక్ట్రీషియన్ "ఇంతెందుకమ్మా" అన్నాడు. ఈ "ఎందుకమ్మా" అనే మాట వినిపించిన ప్రతిచోటా ఖర్చు పెట్టడమే మంచిదని నాకు ఇప్పటికి అర్థమైంది.

గోడల్లో పైపులకూ వైర్లకూ కొట్టిన గాళ్లు పూడ్చేముందు ఒక పని చేశాను. ప్రతి గోడకూ టేపు ఆనించి పట్టుకుని, అంకెలు కనిపించేలా ఫోనులో ఫోటోలు తీశాను. నెల తర్వాత ఆర్వో బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లు గోడకు ఆనించాడు. ఆగమని ఫోటో తీసి చూపించాను. వాడు పెట్టిన చోటుకు సరిగ్గా వెనక నీళ్ల పైపు. వాడు డ్రిల్లు దించి, ఫోటో చూసి, నన్ను చూసి, "మీరు ఇంజనీరా మేడమ్?" అన్నాడు. ఆ రోజు వాడికి రెండు గ్లాసుల మజ్జిగ ఇచ్చాను.

గోడ లోపల 60,000 అనుకున్నది చివరికి 92,000 అయింది. కూల్చడానికి 10,000, ఆ మట్టీ రాళ్లూ ఎత్తించడానికి రెండు ట్రాక్టర్లు 4,400. ఈ రెండోది నేను అసలు రాసుకోనే లేదు, కూల్చినవి గాల్లో కలిసిపోతాయనుకున్నానో ఏమో. ప్లంబింగ్ 18,700, కరెంటు 27,300, మేస్త్రీ కూలి, సిమెంటు, ఇసుక, వాటర్‌ప్రూఫింగ్ కలిపి 31,600. మా పని అయిన నెలన్నరకు, సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మేము వాడింది ఎనిమిది బస్తాలు. ఆ లెక్కన పోయింది పెద్ద మొత్తమేమీ కాదు, అయినా పేపర్లో చదివిన రోజు కాఫీ చేదనిపించింది.

తప్పు మాత్రం నాదే ఒకటుంది. సింకు ముందే కొన్నాను, ఇరవై నాలుగంగుళాలది. చెక్కపని అతనికి "సింకు పెట్టె ఇరవై నాలుగు" అని రాసిచ్చాను. బిగించే రోజు సింకు లోపలికి దిగదే! పెట్టె బయటి కొలత ఇరవై నాలుగు. రెండు పక్కలా ముప్పావు అంగుళం చెక్క తీసేస్తే లోపల మిగిలేది ఇరవై రెండున్నర. సింకును తిప్పి చూశాం, ఒంచి చూశాం, మా ఆయన కాస్త బుజ్జగించి కూడా చూశారు. చివరికి పెట్టె విప్పి ఇరవై ఏడంగుళాలు చేసి, పక్క పెట్టెను మూడంగుళాలు కుదించారు. 2,200 దండగ. ఆ పక్క పెట్టెలోనే కుక్కరు పెట్టాలనుకున్నది. ఇప్పుడు అందులో కుక్కరు పిడి ఏటవాలుగా తిప్పితే తప్ప పట్టదు. రోజూ రెండుసార్లు నా తప్పు నాకు గుర్తుచేస్తుంది.

టైల్స్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నేల ఎనభై అడుగులు, పది శాతం కోతకు కలిపితే ఎనభై ఎనిమిది, పదహారు అడుగుల పెట్టెలు ఆరు. మిగిలిన టైల్స్ అటక మీద ఉన్నాయి, రేపు ఒకటి పగిలితే అదే రంగు దొరకదు కనుక. మెరిసేవి వద్దనుకున్నాం, అత్తయ్యకు 74 ఏళ్లు. పొయ్యి వెనక గోడకు మాత్రం టైల్స్ సందులు పూడ్చడానికి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాను. మామూలు సిమెంటు గ్రౌట్ పసుపునూ నూనెనూ తాగేస్తుంది.

ఆషాఢంలో దొరికిన మేస్త్రీ జులై 25న శ్రావణం రాగానే మాయమయ్యాడు. ఎవరిదో గృహప్రవేశమట, ఆరు రోజులు రాలేదు. ఫోను చేస్తే "పొద్దున్నే వచ్చేస్తానమ్మా" అనే మాట రోజూ పొద్దున్నే వినిపించేది. అప్పటికి ఇంకా ఇవ్వాల్సింది పావు వంతు నా దగ్గరే ఉంచుకున్నాను కాబట్టి ఏడో రోజు వచ్చాడు. మొదట్లోనే కాగితం మీద రాసుకున్నాం: గాళ్లు పూడిస్తే ఇంత, టైల్స్ అయితే ఇంత, వ్రతం అయిన మర్నాడు మిగతాది.

ముప్పై ఆరు రోజులు వెనక వసారాలో వంట. ఒక సిలిండరు, ఒక పొయ్యి, దొడ్లో కొళాయి దగ్గర అంట్లు. పొద్దున అన్నం, పప్పు ఇంట్లో, కూరలు వీధి చివర కర్రీ పాయింటు నుంచి. సగటున రోజుకు 190, మొత్తం 6,840. దొండకాయ వేపుడు బాగుండేది, సాంబారు మూడో రోజుకే విసుగొచ్చింది. పనివాళ్ల టీలు, చిల్లర ఖర్చులు 3,400. ఈ రెండూ గీతకు ఎడమా కాదు, కుడీ కాదు. పేజీ అడుగున రాశాను.

కుడివైపు 2,65,000 అనుకున్నది 2,52,700తో ఆగింది. చెక్కపని సింకు దండుగతో కలిపి 1,68,000, గ్రానైట్ 19,650, టైల్స్ 34,350, సింకూ కొళాయిలూ 16,500, లైట్లూ ఎగ్జాస్ట్ ఫ్యానూ 5,200, రంగులు 9,000. తగ్గడానికి కారణం చిమ్నీ కొనకపోవడమే. షాపులో గంటకు 1,400 ఘనపు మీటర్ల గాలి లాగే సామర్థ్యమున్నది తీసుకోమన్నారు. మా గది పదడుగుల ఎత్తుతో 800 ఘనపుటడుగులు, అంటే 22.65 ఘనపు మీటర్లు. గంటకు పన్నెండుసార్లు గాలి మారాలనుకున్నా 272 చాలు. పోపులకూ గొట్టం వంపులకూ ఇంకా ఎక్కువే కావాలి, ఒప్పుకుంటాను. కానీ 1,400 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "ఇది ఆఫర్లో ఉంది మేడమ్" అన్నాడు. గోడకు ఆరంగుళాల రంధ్రం, పక్కన ప్లగ్గు మాత్రం పెట్టించి బయటికొచ్చాం. ఆ రంధ్రానికి ఇప్పుడు మూత ఆ మరగబెట్టిన 710 ముక్కే. గుండ్రంగా కోయించి బిగించాం.

మొత్తం 3,54,940. పక్కన పెట్టిన 32,500తో కలిపి నా దగ్గరున్నది 3,57,500. మిగిలింది 2,560. ఆ రోజు రాత్రి మా ఆయనకు దాచిన సంగతి చెప్పాను. "అంటే కొళాయి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు.

ఆగస్టు 8న పూర్ణాలు కొత్త గట్టు మీదే వేగాయి. అత్తయ్య పీట ఎక్కలేదు. పాత కడప బండలు దొడ్లో కొళాయి కింద పరిచాం, ఆవిడ రోలు ఇప్పుడు వాటి మీద ఉంది.

మొన్న కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయించాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పూర్తి స్పీడులో పెట్టాను. అయినా ఐదు నిమిషాలకు అత్తయ్య హాల్లోంచి, మా ఆయన మేడ మీంచి, చివరికి ప్రహరీ అవతల పక్కింటి పిన్నిగారు కూడా దగ్గడం మొదలుపెట్టారు. "ఏమ్మా, కారం కొడుతున్నారా?" అని గోడ మీంచి అడిగారు ఆవిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. కళ్లు తుడుచుకుని నోట్‌బుక్కు తీసి కొత్త పేజీలో చిమ్నీ, 22,000 అని రాశాను. కింద, చేతిలో ఉన్నది 2,560.